ఫంక్షన్ హాలుకు కదిలే సీలింగ్: ఏఐ, రోబో అని కోట్ ఇచ్చినారు, కర్నూల్లో అయ్యే పనేనా?

గుత్తిరోడ్డు_సీలింగ్

కర్నూలు బయట ఒకాయన ఫంక్షన్ హాలు కడుతున్నాడు. లోపల 100 అడుగులు బై 50, ఎత్తు 20. మామూలుగా అయితే జిప్సం బోర్డు, అంచుల్లో కోవ్ లైటింగ్, నాలుగు షాండ్లియర్లు అని చెప్పి పని మొదలుపెట్టేసేవాణ్ణి. కానీ వాళ్ళబ్బాయి సింగపూర్ ఎయిర్‌పోర్టులో పైనుంచి వేలాడే రాగి చుక్కలు అలల్లాగా లేచి దిగడం చూసి వచ్చినాడు. ఇప్పుడు సీలింగ్ మొత్తం శిల్పం మాదిరి ఉండాల, పెళ్ళికూతురు నడిచి వస్తుంటే పైన అది కూడా కదలాల అంటున్నాడు. బయటి నుంచి ఒక కంపెనీ వాళ్ళు వచ్చి ప్రజెంటేషన్ ఇచ్చిపోయినారు. డిజైన్ మెషీన్ లెర్నింగ్ (పాత నమూనాలు చూసి నేర్చుకునే ప్రోగ్రాం) చేస్తుందంట, ప్యానెళ్ళు రోబో కోస్తుందంట, మనుషుల్ని చూసి సీలింగే స్పందిస్తుందంట. కోట్ చూస్తే హాలు కట్టే ఖర్చులో మూడో వంతు ఉంది.

ఓనరు నన్ను అడుగుతున్నాడు, నువ్వు చేయగలవా, లేకపోతే వాళ్ళకే ఇచ్చేస్తా అని. నాకు పీఓపీ, జిప్సం, గ్రిడ్ పని తెలుసు, సీఎన్‌సీ (కంప్యూటర్ ఫైలు ప్రకారం కోసే మెషీను) జాలీలు బయట కోయించుకుంటా. ఇందులో నిజమెంత, డాబెంత? తెలిసినవాళ్ళు సూటిగా చెప్పండి.

రాగిసంగటి

మంగళసూత్రం కట్టే టైముకు సీలింగ్ హ్యాంగ్ అయితే రీస్టార్ట్ చేసేదాకా ముహూర్తం ఆగుతుందా అన్నా

కడప_ఆర్కి

ఆ చుక్కల పేరు కైనెటిక్ రెయిన్. సింగపూర్ చాంగీ ఎయిర్‌పోర్టు టెర్మినల్ 1లో 2012లో పెట్టారు, జర్మనీకి చెందిన ఆర్ట్‌ప్లస్‌కామ్ వాళ్ళ పని. మొత్తం 1,216 చుక్కలు, అల్యూమినియం మీద రాగి పూత, ఒక్కోదానికి పైన ఒక మోటారు, సన్నటి స్టీల్ తీగ. కానీ అది మనుషుల్ని చూడదు! ముందే రాసిపెట్టిన కదలికలు వరసగా ఆడిస్తారు, అంతే. కింద మీరు గెంతినా దానికి తెలియదు. మెషీన్ లెర్నింగ్ అసలే లేదు.

నిజంగా స్పందించేది కావాలంటే ఫిలిప్ బీస్లీ హైలోజోయిక్ గ్రౌండ్ చూడండి, 2010లో వెనిస్ బియనాలే అనే ఆర్కిటెక్చర్ ప్రదర్శనలో కెనడా పెవిలియన్. పైనుంచి వేలాడే అక్రిలిక్ ఆకులు, మనిషి దగ్గరికి వస్తే సెన్సర్ పసిగట్టి ఆకులు ముడుచుకుంటాయి. వేడెక్కితే పొట్టిదయ్యే లోహపు తీగతో లాగుతారు, మోటారు శబ్దం ఉండదు.

ఇక ప్రతి ప్యానెల్ వేరే ఆకారంలో ఉండే సీలింగ్ అంటే హాంబర్గ్‌లో 2017లో తెరిచిన ఎల్బ్‌ఫిల్హార్మనీ అనే సంగీత కచేరీ భవనం. పెద్ద హాలు గోడలకు, సీలింగుకు దాదాపు 10,000 జిప్సం ఫైబర్ ప్యానెళ్ళు, వాటి మీద పది లక్షల దాకా గుంటలు, ఏ రెండూ ఒకేలా ఉండవు. అదీ అల్గారిదమే కానీ నేర్చుకునే రకం కాదు, యసుహిసా టొయోటా అనే శబ్ద నిపుణుడు లెక్కలు ఇస్తే దాని ప్రకారం గుంటల లోతు, వెడల్పు ప్రోగ్రాం వేసింది.

మీ కంపెనీ వాళ్ళు ఈ మూడింటినీ కలిపి ఒక స్లైడులో పెట్టి ఉంటారు.

గుత్తిరోడ్డు_సీలింగ్

తమ్ముడూ, నువ్వు చెప్పిన మూడూ వాళ్ళ స్లైడ్లలో ఉన్నాయి, ఒక్కోటి ఒక్కో ఫొటో. మేము చేసినవి అని చెప్పలేదు, "ఇలాంటివి" అన్నారు.

రాగిసంగటి

ఇలాంటివి అనే మాటకు ఎంత వేసినారు కోట్‌లో

రోబో_పెనుకొండ

నేను పెనుకొండ వైపు రోబోల లైన్లో పని చేస్తా, కార్ల బాడీ వెల్డింగ్. రోబో అంటే ఏదో దానికదే ఆలోచించి కోసేస్తుందని అనుకుంటున్నారు, అది కాదు. దానికి ప్రతి పాయింటూ మనమే చెప్పాలి. వెల్డింగులో ఒకసారి నేర్పి ఏళ్ళ తరబడి అదే చేయిస్తాం కాబట్టి నేర్పే కష్టం తెలీదు. శిల్పం మాదిరి సీలింగ్‌లో ప్రతి ముక్కా వేరు, అంటే ప్రతి ముక్కకీ కొత్త దారి. అందుకే రైనో, గ్రాస్‌హాపర్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్లలో ఆకారం గీసి అక్కడి నుంచే రోబో కోడ్ తీస్తారు, కూకా కంపెనీ రోబోలకు దానికోసమే ప్లగిన్ ఉంది.

ఇంకోటి ఎవరూ చెప్పరు. రోబో నేర్పిన పాయింటుకే మళ్ళీ మళ్ళీ రావడంలో మిల్లీమీటరులో పదో వంతు కూడా తేడా రాదు. కానీ కంప్యూటర్లో గీసిన చోటికి మొదటిసారే కచ్చితంగా పోవడం వేరే సంగతి, అక్కడ మిల్లీమీటరు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ తేడా వస్తుంది. పైగా పొడవాటి చెయ్యి కదా, గట్టి సరుకు కోస్తుంటే వంగుతుంది కూడా. మీ ఊర్లో సీఎన్‌సీ రౌటర్ మూడు అక్షాలదే అయినా పలక సరుకు కోయడంలో రోబో కంటే నయం. రోబో కావాల్సింది కింది వైపు, పక్క వైపు కూడా చెక్కాల్సి వచ్చినప్పుడు, థర్మోకోల్ దిమ్మను వేడి తీగతో మెలితిప్పి కోయాల్సినప్పుడు, లేదా రేకును కొంచెం కొంచెంగా నొక్కి గిన్నెలాగా సాగదీసేటప్పుడు.

ఆ రేకు పనిలో మాత్రం మెషీన్ లెర్నింగ్ నిజంగా పనికొస్తుంది. నొక్కి వదిలితే రేకు కొంత వెనక్కి లేస్తుంది, ఎంత లేస్తుందనేది మందం, వాలు, పక్కన ఇంతకుముందు ఎక్కడ నొక్కాం అనేదాన్ని బట్టి మారుతుంది. ఫార్ములాతో పట్టుకోవడం కష్టం. అందుకని చేసిన ముక్కల్ని స్కాన్ చేసి, గీసిందానికీ వచ్చినదానికీ తేడా మోడల్‌కు నేర్పించి, తర్వాతి ముక్కకు ముందుగానే కొంచెం ఎక్కువ నొక్కిస్తారు. కోపెన్‌హాగెన్‌లో సీటా అనే పరిశోధన బృందం ఆర్కిటెక్చర్ ప్యానెళ్ళ మీద ఇదే చేసింది.

బేతంచెర్ల_బండ

ముప్పై ఏళ్ళుగా కాంట్రాక్టులు చేస్తున్నా. మట్టి మిద్దె మీద చౌడు వేసి, మధ్యలో గవాచి పెట్టి వెలుతురు తెచ్చుకున్న ఊర్లు మనవి. ఎండాకాలం లోపల చల్లగా ఉండేది. ఇప్పుడు రేకుల షెడ్డు వేసి, కింద జిప్సం కప్పి, ఆ రెంటి మధ్య వేడి నింపి, కింద ఏసీలు పెట్టి, ఇప్పుడు దానికి మోటార్లు కూడా. ఓనరు డబ్బుంది కాబట్టి అడుగుతాడు, అడిగినోళ్ళందరికీ అవునని చెప్పడమేనా పని? ఆ డబ్బుతో టాయిలెట్లు సరిగా కట్టించమనండి, పెళ్ళికొచ్చినోళ్ళు దీవిస్తారు.

ధర్మవరం_డేటా

టాయిలెట్ల సంగతిలో బండన్నకు నా ఓటు 😀

సౌండ్_శీనా_అనంత

అందరూ కంటికి కనపడేది మాట్లాడుతున్నారు. చెవి సంగతి నేను చెప్తా, ఇరవై ఏళ్ళ నుంచి ఫంక్షన్ హాళ్ళలో స్పీకర్లు మోస్తున్నా.

గుత్తిరోడ్డన్న చెప్పిన కొలతలు మీటర్లలో దాదాపు 30, 15, 6. అంటే 2,700 ఘనపు మీటర్ల గాలి. కింద గ్రానైటు, గోడలకు టైల్స్, పుట్టీ, పైన సాదా జిప్సం. ఇవన్నీ శబ్దాన్ని వందలో మూడు వంతులు మాత్రమే మింగుతాయి, మిగతాది తిరగ్గొడతాయి. సాబిన్ అనే ఆయన సూత్రం ఉంది, 1895లో హార్వర్డ్‌లో ఒక లెక్చర్ హాల్లో మాట అర్థం కావట్లేదని ఆయన్ని పిలిస్తే కుర్చీల దిండ్లు మోసుకొచ్చి పరిచి కొలిచి కనిపెట్టినాడు. హాలు పరిమాణాన్ని 0.161తో గుణించి, మొత్తం మింగే శక్తితో భాగిస్తే శబ్దం చచ్చేదానికి ఎన్ని సెకన్లో వస్తుంది.

ఇక్కడ నేల, పైకప్పు, గోడలు కలిపి 1,440 చదరపు మీటర్లు. వందకు మూడు లెక్కన మింగేది 43. 2,700ని 0.161తో గుణిస్తే 435, దాన్ని 43తో భాగిస్తే 10 సెకన్లు! తలుపులు, కర్టెన్లు కలిపి తగ్గించుకున్నా ఖాళీ హాలు బావే. 400 మంది కూర్చుంటే, మనిషికి అర చదరపు మీటరు కంటే కొంచెం తక్కువ లెక్కన, 2 సెకన్లకు దిగుతుంది. అందుకే జనం నిండినప్పుడు పర్వాలేదనిపిస్తుంది, పొద్దున నాలుగు గంటల ముహూర్తానికి వంద మంది ఉంటే పంతులు మంత్రం ఒక్క ముక్కా అర్థం కాదు, 5 సెకన్లు.

ఇప్పుడు సీలింగ్ ఒక్కటి మార్చండి. రంధ్రాల జిప్సం, దాని వెనక రాక్‌వుల్ (రాతి నార పరుపు), నూటికి అరవై మింగే రకం. ఖాళీ హాల్లో కూడా ఒకటిన్నర సెకనుకు వచ్చేస్తుంది. ఏ మోటారూ లేదు, ఏ ఏఐ లేదు. అలలు, వంపులు శబ్దాన్ని చెదరగొడతాయి, ఒకేచోట పోగుపడకుండా చూస్తాయి, అది మంచిదే. కానీ మింగాల్సింది సరుకే. ఎంత అందమైన వంపు గీసినా దాన్ని గట్టి ఎండీఎఫ్ (చెక్కపీచు బోర్డు)తో చేస్తే డీజే రోజు మీకే తెలుస్తుంది.

గుత్తిరోడ్డు_సీలింగ్

శీనన్నా దీన్ని ప్రింట్ తీసుకుని ఓనరుకు చూపిస్తా. ఆ కంపెనీ వాళ్ళు శబ్దం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

కడప_ఆర్కి

శీనన్న లెక్క కరెక్టే, కానీ సాబిన్ సూత్రం హాలు మొత్తానికి ఒకే నంబరు ఇస్తుంది. ఏ కుర్చీలో ఎలా వినపడుతుందో చెప్పదు. గోపురం మాదిరి లోపలికి గుంటగా ఉన్న ఆకారం పెడితే శబ్దమంతా ఒక టేబుల్ మీద పోగవుతుంది. అది తెలుసుకోవాలంటే వేల కిరణాలు వదిలి సిమ్యులేషన్ చేయాలి, ఆకారం మారిన ప్రతిసారీ మళ్ళీ చేయాలి. మెషీన్ లెర్నింగ్ పనికొచ్చేది అక్కడే. చాలా ఆకారాల మీద సిమ్యులేషన్ చేసి ఆ జవాబులు మోడల్‌కు నేర్పిస్తే, కొత్త ఆకారం చూపించగానే చిటికెలో అంచనా చెప్తుంది. మంచి వంటమనిషి సాంబారు వాసన చూసి ఉప్పు తక్కువైందని చెప్పినట్టు.

ధర్మవరం_డేటా

బెంగళూరులో ఈ మోడళ్ళతోనే బతుకుతున్నా కాబట్టి నా సొంత పొట్ట మీద కొట్టుకుంటున్నా అనుకోండి. ఆర్కి తమ్ముడు చెప్పింది పుస్తకం ప్రకారం సరే. కానీ ఆ మోడల్‌కు నేర్పించడానికే వేల సిమ్యులేషన్లు కావాలి. వందల హాళ్ళు కట్టే సంస్థకు అది గిట్టుబాటు. ఒక్క హాలుకు, అదీ ఓనరు మూడు డిజైన్లలో ఒకటి ఎంచుకునే చోట, ఆ మూడింటినీ నేరుగా సిమ్యులేట్ చేస్తే రాత్రికి అయిపోతుంది. ఇంకా కావాలంటే గ్రాస్‌హాపర్‌లోనే గలాపగోస్ అని ఒకటుంది, ఆకారాల్ని మార్చి మార్చి మంచివి మిగుల్చుకుంటూ పోతుంది. అది నేర్చుకోదు, వెతుకుతుంది. ఒక్క హాలుకు ఆ వెతుకులాట చాలు.

కాబట్టి అన్నా, ఆ కంపెనీని ఒకటే అడుగు: మీ మోడల్ ఏ డేటా మీద నేర్చుకుంది, అది చెప్పిన అంచనాకూ కట్టాక కొలిచినదానికీ తేడా ఎంత? నీళ్ళు నమిలితే బొమ్మలు గీసే ఏఐతో నాలుగు ఫొటోలు తీసి పెట్టుకున్నారని అర్థం. ఆ ఫొటోల్లో వంపు వెనక ఫ్రేము ఉండదు, వేలాడదీసే రాడ్డు ఉండదు, ఏసీ డక్టు ఉండదు.

కడప_ఆర్కి

అన్నా, ఒక్క హాలుకు అక్కర్లేదు అంటే ఎప్పటికీ ఎవరూ మొదలుపెట్టరు. జ్యూరిక్ దగ్గర డ్యూబెండార్ఫ్‌లో స్మార్ట్ స్లాబ్ అని కట్టారు, 3డీ ప్రింటింగ్ చేసిన ఇసుక అచ్చుల్లో కాంక్రీటు పోసి 80 చదరపు మీటర్ల స్లాబు, కింది వైపు మొత్తం శిల్పం. అదీ ఒక్క ఇంటికే. మన కాలేజీ పిల్లలకు ఇలాంటి పని చేతికి దొరికేదెప్పుడు?

బేతంచెర్ల_బండ

యూనివర్సిటీ డబ్బుతో ప్రయోగం చేయడం వేరు నాయనా, అప్పు తెచ్చి హాలు కట్టినోడి నెత్తిమీద ప్రయోగం చేయడం వేరు.

కడప_ఆర్కి

అప్పు తెచ్చినోడే అడుగుతున్నాడు కదా సార్, మనం తోసిపెట్టట్లేదు.

సీమ_సర్క్యూట్

కదిలే భాగం గురించి నేను చెప్తా. ఒక కాలేజీ ఫెస్టుకు ఇలాంటిదే చేసినారు, పేరెందుకులే. కాగితం మడతల పూలు, ఒక్కోదానికి చిన్న సర్వో (చెప్పినంత తిరిగి ఆగే మోటారు), మనిషి కిందికి వస్తే విచ్చుకోవాల. సర్వోలు ప్లాస్టిక్ పళ్ళ చక్రాలవి కొన్నారు, చవక. మొదటి సాయంత్రం సగం వణకడం మొదలైంది. కారణం సర్వోలు కాదు, దూరం నుంచి సన్నటి వైర్లతో 5 వోల్టులు పంపినారు, అన్నీ ఒకేసారి కదిలితే వోల్టేజి పడిపోతుంది. రెండో రోజుకు పళ్ళు కూడా అరిగిపోయినాయి. చివరికి పూలు అలాగే సగం విచ్చుకుని నిలబడిపోతే, డిజైనే అంతని చెప్పి ఫొటోలు దిగినారు.

ఫంక్షన్ హాలంటే రోజూ పని చేయాల. నా మాట: 24 వోల్టుల లైను, వర్మ్ గేరు ఉన్న మోటార్లు (కరెంటు పోయినా చాలావరకు ఉన్నచోటే ఆగుతాయి), ప్రతిదానికీ లిమిట్ స్విచ్ (హద్దు దాటకుండా ఆపేది), వేలాడే ప్రతి ముక్కకీ మోటారు తీగ కాకుండా విడిగా ఒక సేఫ్టీ తీగ. రేకు కింద, సీలింగ్ పైన ఉండే గాలి మే నెలలో ఎంత కాలుతుందో ఏసీ మెకానిక్‌ను అడగండి, ఎలక్ట్రానిక్స్ అక్కడ పెట్టకండి, గోడ పక్కన కిందికి తెండి. ఇక పావురాలు. నెట్ వేయకపోతే మొదటి వర్షాకాలానికే గూళ్ళు.

రోబో_పెనుకొండ

సేఫ్టీ తీగ మాట నూటికి నూరుపాళ్ళు. ఫ్యాక్టరీలో రోబో తిరిగేచోట కంచె లోపలికి మనిషి పోతే లైను ఆగిపోతుంది. ఇక్కడ కంచె లోపలే విందు పెడుతున్నారు.

సీమ_సర్క్యూట్

సెన్సర్ గురించి మరిచిపోయినా. లైట్లకు వాడే పీఐఆర్ సెన్సర్ పెడతామంటారు, వద్దు. అది ఒంటి వేడికీ చుట్టూ ఉన్న వేడికీ తేడాను చూస్తుంది. కడప ఎండాకాలంలో ఏసీ వేయకముందు హాలే 37 డిగ్రీలుంటే మనిషి దానికి సరిగా కనపడడు. 24 గిగాహెర్ట్జ్ రాడార్ మాడ్యూళ్ళు చవకగా దొరుకుతున్నాయి, వేడితో పని లేదు, కెమెరా కూడా కాదు కాబట్టి గొడవ లేదు.

పెన్నా_పాప

కెమెరా మాట ఇప్పుడైనా వచ్చింది, సంతోషం. పైనుంచి కెమెరాలు పెట్టి "మనుషుల్ని చూసి స్పందించే సీలింగ్" అంటే ఆ వీడియోలు ఎక్కడికి పోతాయి? ఆడవాళ్ళు కూర్చునే చోట, పిల్లలు ఆడుకునే చోట. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది, పెళ్ళికొచ్చిన ప్రతివాళ్ళ దగ్గర ఒప్పుకోలు తీసుకుంటారా? శుభలేఖ వెనక ప్రింటు వేయిస్తారా?

రాగిసంగటి

"మీ ముఖ కవళికలు మా సీలింగునకు అర్పించి వధూవరులను ఆశీర్వదించ ప్రార్థన"

కడప_ఆర్కి

😂 నవ్వినా గానీ అది నిజంగా ఉంది. 2019లో మైక్రోసాఫ్ట్ రెడ్మండ్ క్యాంపస్‌లో జెన్నీ సేబిన్ ఏడా అని వేలాడే అల్లిక శిల్పం పెట్టింది. అక్కడి మనుషుల ముఖాల్లో భావాల్ని ఏఐ చదివి, పేర్లు లేకుండా లెక్కగా మార్చి, దాన్ని బట్టి రంగులు మార్చేలా చేసింది. ఆఫీసు కాబట్టి ఒప్పుకున్నారేమో, పెళ్ళిలో నేను కూడా వద్దనే అంటా.

ధర్మవరం_డేటా

ఇంకో చిక్కు ఉంది. ఖాళీ గ్యాలరీలో ఒక్క మనిషి నడిస్తే సీలింగ్ కదలడం అందంగా ఉంటుంది. 500 మంది ఉన్న హాల్లో ఎవరికి స్పందించాలి? సాంబారు బకెట్టుతో పరిగెత్తే పిల్లోడికా, పెళ్ళికూతురికా? సెన్సర్‌కు ఇద్దరూ ఒకటే. రోజంతా గిజగిజ కదులుతూనే ఉంటుంది, పది నిమిషాల తర్వాత ఎవరూ పైకి చూడరు. జనంలో స్పందన కావాలంటే నెమ్మదిగా మారేదాన్ని పట్టుకోవాలి. హాలు ఏ వైపు ఎంత నిండింది, శబ్దం ఎంతుంది లాంటివి.

సౌండ్_శీనా_అనంత

శబ్దం అన్నావు కాబట్టి. గట్టిమేళం పట్టుకుంటే? జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు, తాళి కట్టేటప్పుడు నాదస్వరం, డోలు ఒక్కసారి అందుకుంటాయి కదా, ఆ శబ్దం ఇంకే శబ్దంతోనూ కలవదు. మైకు ఒకటి పెట్టి ఆ టైముకు సీలింగ్ విచ్చుకునేలా చేస్తే పెళ్ళంతా పైకి చూస్తుంది. నా దగ్గర పెళ్ళిళ్ళ రికార్డింగులు హార్డ్‌డిస్క్ నిండా ఉన్నాయి.

ధర్మవరం_డేటా

శీనన్నా!! ఈ థ్రెడ్‌లో మెషీన్ లెర్నింగ్ నిజంగా అతికే పని ఇదే. యామ్‌నెట్ అని రెడీ మోడల్ ఉంది, 521 రకాల శబ్దాలు గుర్తుపడుతుంది. దాని మీద మన నాదస్వరం, డోలు రికార్డింగులతో చిన్న పొర నేర్పిస్తే చాలు. చిన్న కంప్యూటర్లో నడుస్తుంది, ఇంటర్నెట్ అక్కర్లేదు, మాటలు దాచిపెట్టదు కాబట్టి పెన్నా_పాప గారికి కూడా అభ్యంతరం ఉండదు. రికార్డింగుల్లో గట్టిమేళం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో గుర్తులు పెట్టిస్తే నేను ఊరికే చేసిస్తా.

బేతంచెర్ల_బండ

గట్టిమేళం తాళి కట్టేటప్పుడే వాయిస్తారా? ఎవరైనా తుమ్మబోతున్నారంటే కూడా పంతులు చెయ్యెత్తి గట్టిమేళం అంటాడు. ప్రతి తుమ్ముకూ మీ సీలింగ్ విచ్చుకుంటుందా?

రాగిసంగటి

ఈ థ్రెడ్ మొత్తానికి ఇదే బెస్ట్ కామెంట్. తుమ్ముల సీలింగ్ 🤧

సీమ_సర్క్యూట్

డోలు వాయించే ఆయన పక్కన యాభై రూపాయల బటన్ పెట్టండి. పంతులు చెయ్యెత్తగానే నొక్కుతాడు. నూటికి నూరు కరెక్టు, ఏ డేటా వద్దు.

సౌండ్_శీనా_అనంత

డోలాయనకు రెండు చేతులూ ఖాళీగా ఉండవు స్వామీ, అసలు ఆ టైముకే.

సీమ_సర్క్యూట్

కాలితో నొక్కే పెడల్ పెడతా.

ధర్మవరం_డేటా

బటన్‌తో నాకు పేచీ లేదు. కానీ నొక్కేవాడు భోజనానికి పోయిన రోజు ఓనరు ఎవరికి ఫోన్ చేస్తాడు? తుమ్ము మేళం మొదలైన రెండు మూడు సెకన్లకే ఆగిపోతుంది, తాళి మేళం చాలాసేపు సాగుతుంది. కొన్ని సెకన్లు వరసగా వినపడితేనే కదలమని పెడితే తుమ్ములు చాలావరకు పోతాయి. రెండూ పెట్టండి: మోడల్ లైట్లు వెలిగించి సిద్ధం చేస్తుంది, కదలిక మాత్రం పెడల్‌తో.

తోలుబొమ్మ_చక్రి

ఆకారాల గురించి ఒక మాట. హాంబర్గ్, జ్యూరిక్ అన్నారు గానీ లేపాక్షి నాట్యమండపం పైకప్పు ఎవరూ తలవలేదు. కప్పు మీద వరసలు వరసలుగా విజయనగర కాలపు బొమ్మలు, మెడ నొప్పి పుట్టేదాకా చూస్తాం. నిమ్మలకుంటలో మేకతోలుతో బొమ్మలు చేసేవాళ్ళు ఇప్పుడు లాంప్ షేడ్లు కూడా చేస్తున్నారు. వెనక లైటు పెడితే ఆ రంగు జిప్సంకు ఏ పెయింటుతోనూ రాదు. స్టేజీ పైన మటుకు అలాంటి తోలు పలకలు వేలాడదీసి నెమ్మదిగా తిప్పితే ఆ కంపెనీ వాళ్ళు పెట్టిన దేనికీ తీసిపోదు.

కడప_ఆర్కి

ఇది చాలా బాగుంది. పలకల అమరిక గ్రాస్‌హాపర్‌లో చేయొచ్చు, లేపాక్షి అంచుల డిజైన్లు ఏఐకి చూపించి కొత్తవి గీయిస్తే

తోలుబొమ్మ_చక్రి

అక్కడే ఆగు తమ్ముడూ. గీసేది ఆ ఊరి చేతులే గీయాల. రంధ్రాలు ఎక్కడ ఎంత పొడిస్తే వెలుతురు ఎలా వస్తుందో వాళ్ళకు తెలుసు, మీ ఏఐకి గీతలే తెలుసు. పలకలు ఎక్కడ వేలాడాలో, ఎంత తిరగాలో కంప్యూటర్‌తో లెక్క వేసుకోండి, దానికి నేను అడ్డం రాను.

కడప_ఆర్కి

ఒప్పుకోను గానీ అర్థమైంది. గీయించి వాళ్ళ చేతికిస్తే వాళ్ళు మార్చుకుంటారు కదా అని నా ఉద్దేశం. ఇది వేరే థ్రెడ్‌లో కొట్టుకుందాం.

ఫైర్_ఎన్‌వోసీ

అందరూ కలలు కన్నారు కాబట్టి నేను చల్లనీళ్ళు పోస్తా. పెళ్ళిళ్ళలో ఇప్పుడు కోల్డ్ పైరో, పేపర్ బ్లాస్టర్, రంగు పొగ లేనిదే ఎంట్రీ లేదు. ఆ పేపర్ ముక్కలు పైకి ఎగిరి మోటార్ల పుల్లీల్లో చుట్టుకుంటాయి. ఆ నిప్పురవ్వల పైన థర్మోకోల్ శిల్పం, ఎండీఎఫ్ రిబ్బులు, తోలు పలకలు! హాలుకు అనుమతి ఇచ్చేటప్పుడు జాతీయ భవన నియమావళి ప్రకారం చూస్తారు. జనం గుమిగూడే భవనం, పైన మంట పట్టే సరుకు పెట్టి తప్పించుకోలేరు. స్ప్రింక్లర్లు, పొగ డిటెక్టర్లు సీలింగ్ శిల్పం వెనక దాక్కుంటే సరిగా పని చేయవు. అలల రిబ్బులు కావాలంటే అల్యూమినియం బాఫిల్స్ (నిలువుగా వేలాడే పలకలు) వేయండి, థర్మోకోల్ ఊసెత్తకండి. తోలు పలకలు స్టేజీకి దూరంగా, ప్రవేశం దగ్గర పెట్టుకోండి, అక్కడ పైరో కాల్చనీయకండి.

గుత్తిరోడ్డు_సీలింగ్

చదివినా అందరివీ. నా ఆలోచన ఇప్పుడు ఇది. హాలు మొత్తం కదలదు. పైన రంధ్రాల జిప్సం, రాక్‌వుల్ శీనన్న చెప్పినట్టు. దాని కింద అలల ఆకారంలో బాఫిల్స్, కదలవు. కదిలేది ప్రవేశం దగ్గర ఒక చిన్న ముక్క, తోలు పలకలు, పెడల్ ప్లస్ మైకు. నేను మొదట ఎండీఎఫ్ అనుకుని లెక్క వేసినా: అడుగుకో రిబ్బు అంటే 100 రిబ్బులు, ఒక్కోటి 50 అడుగుల పొడవు, అడుగు లోతు. 18 మిల్లీమీటర్ల 8 బై 4 షీటే 40 కిలోలు ఉంటుంది. వేస్టేజీ పోను బిగించిన సరుకే 6 టన్నులు దాటుతుంది.

బేతంచెర్ల_బండ

6 టన్నులు దేనికి వేలాడదీస్తావు? పైన స్లాబా, ట్రస్సా?

గుత్తిరోడ్డు_సీలింగ్

ట్రస్సు, పైన పఫ్ షీటు (మధ్యలో నురగ ఉండే రేకు).

బేతంచెర్ల_బండ

అయితే ముందు ఆ డ్రాయింగు గీసిన స్ట్రక్చరల్ ఇంజనీరు దగ్గరికి పో. ట్రస్సు లెక్క రేకులకు, గాలికి వేసి ఉంటారు, నీ శిల్పానికి కాదు. పర్లిన్లకు (రేకులు బిగించే అడ్డ కడ్డీలకు) దేన్నీ కట్టొద్దు, అవి రేకుల బరువుకే సన్నగా వేస్తారు. ట్రస్సులో కడ్డీలు కలిసే జాయింట్ల దగ్గరే వేలాడదీయాల, మధ్యలో కట్టితే కడ్డీ వంగుతుంది. ఆ జాయింట్లు ఎంత దూరానికి ఒకటి వస్తాయో దాన్ని బట్టి నీ రిబ్బుల దూరం పెట్టుకో, నీ రిబ్బుల్ని బట్టి జాయింట్లు రావు.

రోబో_పెనుకొండ

బండన్న చెప్పింది డిజైన్ చేసే ఆ పిల్లోడు మొట్టమొదట గ్రాస్‌హాపర్‌లో పెట్టాల్సిన సంగతి. రెండు అడుగులకో రిబ్బు చేసి, ఎండీఎఫ్ బదులు ఒకటిన్నర మిల్లీమీటర్ల అల్యూమినియం అయితే చదరపు మీటరుకు 4 కిలోలు. లేజర్‌తో కోయించి అంచులు మడిపిస్తే నిలబడుతుంది. మడతలు, ఫ్రేము కలిపినా టన్ను, టన్నున్నరలో అయిపోతుంది. రోబో అవసరం ఎక్కడా రాలేదు చూసినారా.

కడప_ఆర్కి

అన్నా ఆ రిబ్బుల ఫైలు నేను చేసిస్తా, డబ్బు వద్దు, మా స్టూడియో ప్రాజెక్టుగా చూపించుకుంటా. ట్రస్సు డ్రాయింగు పంపండి, జాయింట్ల కొలతలతో. 50 అడుగుల రిబ్బు ఒకే ముక్కగా రాదు, 8 అడుగుల ముక్కలు చేసి నంబర్లు వేస్తా.

బేతంచెర్ల_బండ

నంబరు ముక్క మీదే చెక్కించు నాయనా, స్టిక్కర్ అతికిస్తే బిగించే పిల్లలు పీకి పారేస్తారు. ఏ వైపు పైకి అనేది కూడా బాణం గుర్తు వేయి.

గుత్తిరోడ్డు_సీలింగ్

డ్రాయింగు రేపు ఇంజనీరు దగ్గర తీసుకుని పెడతా. ఓనరు కొడుకు ఇంకా రోబో రోబో అంటున్నాడు, వాడికి ఏం చెప్పాలి?

రాగిసంగటి

వడ్డించేదానికి రోబో కొనిమ్మని చెప్పు, సీలింగ్ జోలికి రాడు

ధర్మవరం_డేటా

శీనన్నా, రికార్డింగులు పెన్‌డ్రైవ్‌లో వేసి ధర్మవరం పంపగలవా? ఆదివారం ఊర్లోనే ఉంటా. డీజే ఉన్నవి వేరే ఫోల్డర్‌లో పెట్టు, అవి కూడా కావాలి. ఏది గట్టిమేళం కాదో కూడా దానికి వినిపించాలి.

సౌండ్_శీనా_అనంత

పంపుతా. తుమ్ములున్నవి ఉన్నాయేమో కూడా చూస్తా.